ఫైలకా దీవిలో మట్టి చర్చి: మేము చెప్పిన తప్పు దిద్దుకుంటున్నాం

పెద్ద పోస్టు పెట్టి చాలా రోజులైంది. సైట్లో స్లాబు మీద స్లాబు పడతా ఉంటే ఫోన్ పట్టుకునే తీరికే లేదు. పోయిన శుక్రవారం మేము నలుగురం ఫైలకా దీవికి పోయొచ్చినాము. ఆ సంగతి రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటది, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మా రూములో ఆరుమందిమి. అందులో ఒక కోనసీమ తమ్ముడు ఉన్నాడు, ఎలక్ట్రికల్ పని. శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని సిటీలో ప్రార్థనకు పోతాడు. రెండు నెలల కింద రాత్రి అన్నం తినేటప్పుడు మాటా మాటా వచ్చి మా రూమోడు ఒకడు అనేశాడు, "ఇది అరబ్బుల గడ్డ రా. ఈడ చర్చి అనేది తెల్లోళ్లు ఆయిలు కోసం వచ్చినాక కట్టిందే. అంతకు ముందు ఈ ఇసుకలో సిలువ అనే మాటే లేదు" అని. ఆ పిల్లోడు మా మొహం చూసినాడు, రూములో పెద్ద మేమే కదా. మేము న్యాయం చెప్తున్నట్టు, "ఆయిలు కాదులే, అమెరికన్ మిషన్ ఆసుపత్రి వాళ్లు 1914లో ఆసుపత్రి కట్టినారు, చర్చి కూడా వాళ్ల నుంచే మొదలు" అన్నాము. పిల్లోడు ప్లేటు కడుక్కుని పడుకున్నాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆసుపత్రి సంగతి నిజమే. గల్ఫ్ రోడ్డు మీద, పార్లమెంటుకు దగ్గర్లో ఆ పాత కట్టడం ఇప్పటికీ ఉంది, బాగు చేసి సాంస్కృతిక కేంద్రం పెట్టినారు. కువైటీలు దాన్ని అమ్రికానీ అంటారు. కానీ "వాళ్ల నుంచే మొదలు" అన్నామే, అది తప్పు. అంతా ఇంతా కాదు, పన్నెండు వందల ఏళ్ల పైన తప్పు. పదో క్లాసు చదువుతో పెద్దరికం చేస్తే ఇట్లాగే ఉంటది.

ఫైలకాకు పోయింది చర్చి కోసం కాదు. ఆ పిల్లోడు ఫోన్లో ఒక ఆట ఆడతాడు, జియోకాషింగ్ అంటారంట. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బా ఎక్కడో దాచిపెట్టి, ఆ చోటి అక్షాంశం, రేఖాంశం ఆటలో పెడతారు. మనం ఫోన్ జీపీఎస్ పట్టుకుని పోయి వెతకాలి. దొరికితే లోపల ఉన్న కాగితం మీద పేరు రాసి, డబ్బాను మళ్లీ అదే చోట పెట్టేయాలి. అంతే. డబ్బు రాదు, బహుమతి రాదు. "దీనికెందుకురా సెలవు పాడు చేసుకునేది" అని మేము మొదట్లో తిట్టినాము. తర్వాత ఆలోచిస్తే మా పని కూడా అదే. సర్వేయర్ ఇచ్చిన పాయింటు పట్టుకుని కాలమ్ ఎక్కడ రావాలో వెతకడమే కదా! ఈ ఆట పుట్టింది 2000వ సంవత్సరం మే నెలలో. అప్పటిదాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలనే తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 2న ఆ తప్పు తీసేసినారు. మరుసటి రోజే ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో ఒక బకెట్టు పెట్టి, ఆ చోటు లెక్క అందరికీ చెప్పినాడు. అట్లా మొదలైంది.

పిల్లోడి ఫోన్లో ఫైలకా మధ్యలో ఒక గుర్తు కనిపించింది. "అన్నా, ఒక్కసారి పోదాం" అని నెల రోజులు పోరు పెట్టినాడు. ఆ రాత్రి అన్న మాట మా మనసులో ముల్లులాగా ఉంది కాబట్టి సరే అన్నాము. మేమిద్దరం, ఒక రాయచోటి భాయ్, ఒక సుండుపల్లి అన్న. చలికాలం కాబట్టి పోగలిగినాము, ఎండాకాలం అయితే ఆ మాటే వద్దు.

సాల్మియా వైపు నుంచి పడవ. ఫైలకా కువైట్ సిటీకి దాదాపు 20 కిలోమీటర్ల దూరం సముద్రంలో ఉంది. కువైటీలు ఫైలచా అని పలుకుతారు. పడవ దిగినాక మొదట కనిపించేది పాత ఊరు. పేరు జోర్. మేము ఇన్నేళ్లుగా ఇళ్లు కట్టినాము, కూలగొట్టినాము, కానీ అట్లాంటి ఊరు చూడలేదు. బ్యాంకు కట్టడం ఉంది, గోడల నిండా గుండు దెబ్బలు. ఇళ్లు ఉన్నాయి, కిటికీలు లేవు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది కదా, ఆ తర్వాత ఈ దీవి వాళ్లందరినీ వెళ్లగొట్టినారు. రెండు వేల మంది దాకా ఉండేవాళ్లంట. ఇళ్లను సైనికులు తుపాకీ గురి నేర్చుకోడానికి వాడుకున్నారు, నేలలో మందుపాతరలు పెట్టినారు. కువైట్ విడుదల అయినాక పాతరలు తీసేసినారు. కానీ ఊరి జనానికి అవతలి ఒడ్డున ఇళ్లు ఇచ్చేసినారు, ఎవరూ తిరిగి కాపురానికి రాలేదు.

సుండుపల్లి అన్న ఆడ నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల మామ 1990లో ఇక్కడ డ్రైవర్. బాగ్దాదు మీదుగా జోర్డాన్ దాకా బస్సులో, అక్కడ గుడారాల్లో, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. అప్పుడు లక్షా డెబ్బై వేల మంది దాకా మనవాళ్లను అట్లా తీసుకొచ్చినారు. మామ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదంట. మన కడప జిల్లాలో ఇట్లాంటి మామలు, చిన్నాయనలు ఊరికొకరు ఉంటారు. ఆ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి, చర్చి కథలో మళ్లీ వస్తది.

ఒక పికప్ ఆయనతో బేరం చేసుకుని దీవి మధ్యకు పోయినాము. దారిలో ఒంటెలు తప్ప ఏమీ లేదు. గుర్తు ఉన్న చోట రోడ్డు పక్కన దిగి, నలుగురం అరగంట వెతికినాము. రాయి కింద, పైపు ముక్క వెనక, చెత్తలో. దొరకలేదు. ఈ ఆటలో డబ్బాను మట్టిలో పూడ్చకూడదు, పురాతన కట్టడాల్లో పెట్టకూడదు అని నియమాలు ఉన్నాయంట. కాబట్టి తవ్వి చూసే పని లేదు. గాలికి పోయిందో, ఎవరన్నా తీసేసినారో. పిల్లోడి మొహం చిన్నబోయింది. అప్పుడు మ్యాపులో కొంచెం అవతల రాసి ఉన్న పేరు చదివినాడు. అల్ కుసూర్. అరబ్బీలో కుసూర్ అంటే కోటలు, మహళ్లు. "ఈడ మహళ్లు ఏందన్నా, మట్టి గుట్టలు కదా" అన్నాడు.

దూరం నుంచి చూస్తే అవి మట్టి దిబ్బలే. మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. మామూలు మనిషి చూడకుండా దాటిపోతాడు. కానీ గోడ పడిపోయిన తీరు మేస్త్రికి తెలుస్తది. దిబ్బ సూటిగా పోయి తొంభై డిగ్రీలు తిరిగిందంటే అది గాలి పోసిన ఇసుక కాదు. పచ్చి ఇటుక గోడ వానకు కరిగి రెండు పక్కలా జారితే అట్లాగే గట్టులాగా మిగులుతది. మా ఊర్లో పాత మిద్దెలు పడిపోయిన చోట చూడండి, అచ్చం అదే ఆకారం. ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కో ఇంటి చుట్టూ ప్రహరీ, లోపల వాకిలి, ఒక మూల రెండు మూడు గదులు. రాజులు కట్టే మహళ్లు కాదు. ఒకదానికొకటి ఎడంగా కట్టుకున్న పల్లె ఇళ్లు. మేము రోడ్డు దిక్కు నుంచే చూసినాము, కంచె ఉన్న చోట లోపలికి పోలేదు. ఆడనే కూచుని, పిల్లోడు ఫోన్లో చదవడం మొదలుపెట్టినాడు. ఇంటికొచ్చినాక ఇంకా వెతికి చదివినాము. దొరికినంత వరకు చెప్తాం.

ఈ దీవిలో మనుషులు నాలుగు వేల ఏళ్ల కిందటే ఉన్నారు. బహ్రెయిన్ దిక్కు నుంచి వచ్చిన దిల్మున్ వాళ్ల ఇళ్లు, గుళ్లు ఉన్నాయి. తర్వాత గ్రీకు వాళ్లు కోట కట్టినారు, దీవిని ఇకారోస్ అని పిలిచినారు. 1958లో డెన్మార్క్ వాళ్లు వచ్చి తవ్వడం మొదలుపెట్టినారు. ఇవన్నీ దీవి ఒడ్డు పక్కన. మధ్యలో ఉన్న ఈ అల్ కుసూర్‌ను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1976లో ఇటలీ వాళ్లు కొంత చూసినారు. 1988, 89 సంవత్సరాల్లో ఫ్రాన్స్ వాళ్లు వచ్చి ఊరి మధ్యలో ఉన్న పెద్ద దిబ్బను తవ్వితే అది చర్చి.

చిన్న గుడిసె అనుకునేరు! దాదాపు 35 మీటర్ల పొడవు, 19 మీటర్ల వెడల్పు. మన లెక్కలో చెప్పాలంటే ఒక మోస్తరు ఫంక్షన్ హాలు. ముందు అడ్డంగా ఒక వసారా, లోపల నడిమి హాలు, దానికి రెండు పక్కలా పక్క హాళ్లు, తూర్పు దిక్కున బలిపీఠం ఉండే చోటు. పచ్చి ఇటుక గోడలు, పైన తెల్లటి పూత. ఆ పూతలోనే చెక్కిన సిలువలు దొరికినాయి, చుట్టూ తీగలూ ఆకులూ నగిషీ చేసి. ఫోటో చూస్తే మా ప్లాస్టరింగ్ మేస్త్రీలకు చూపించాలనిపించింది. అచ్చు పోసి అతికించిన పని కాదనిపిస్తది, తడి మీద ఉండగానే చేత్తో తీసిన పనిలాగా ఉంది. ఇది మా కంటికి తోచింది, తప్పయితే తెలిసినవాళ్లు చెప్పండి.

పచ్చి ఇటుక అనంగానే చిన్నచూపు చూడొద్దు. ఈ దీవిలో కలప లేదు, ఇటుక కాల్చడానికి వంటచెరకు లేదు. మట్టి, గడ్డి, నీళ్లు, ఎండ ఉన్నాయి. ఉన్నదాంతో కట్టినారు. మట్టి గోడకు శత్రువు వాన, కింద నుంచి ఎక్కే ఉప్పు. మా రాయలసీమ మిద్దెల మీద వానాకాలం ముందు సౌడు మట్టి పరిచి తొక్కుతామే, అట్లా ఏటేటా చేయి పడాల్సిందే. రెండు మూడేళ్లు మనిషి చేయి పడకపోతే మిద్దె కారతది, పదేళ్లకు కూలతది. అంటే అంత పెద్ద చర్చి నిలబడి ఉన్నన్నాళ్లు, ఎవరో ప్రతి సంవత్సరం దానికి పూత పూసినారు, కప్పు సరిచేసినారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ మాకు కనపడలేదు.

ఫ్రాన్స్ వాళ్లు మళ్లీ వచ్చి మిగతాది తవ్వుదామనుకునే లోపల ఆ 1990 ఆగస్టు వచ్చింది. ఇంకేముంది, పని ఆగిపోయింది. మళ్లీ చాలా ఏళ్ల దాకా ఆ చోట పని మొదలు కాలేదు. 2011 నుంచి కువైట్, ఫ్రాన్స్ వాళ్లు కలిసి వరసగా తవ్వినారు. ఊరి నడిమి భాగం సన్యాసుల మఠం అని తేల్చినారు. పెద్ద చర్చి కాకుండా ఇంకో చిన్నది కూడా ఉంది. అందరూ కూచుని తినే భోజనశాల ఉంది. అది చదివినప్పుడు రాయచోటి భాయ్ నవ్వినాడు, "అంటే క్యాంపు మెస్సు అన్నమాట" అని. ఇల్లు వదిలిపెట్టి వచ్చిన మగవాళ్లు, ఒకే చోట వంట, ఒకే టైముకు తిండి, ఒకే టైముకు పడక. తప్పేముంది, మెస్సే.

ఇప్పుడు మా రూము గొడవకు సంబంధించిన ముఖ్యమైన సంగతి. ఈ చర్చి ఎప్పటిది? మొదట తవ్వినవాళ్లు 5, 6 శతాబ్దాల నాటిది అనుకున్నారు. అంటే ఇస్లాం రాకముందు. అట్లా అయితే కథ సులువు. ముందు వీళ్లు, తర్వాత వాళ్లు, ఒకరు పోయినాక ఒకరు. కానీ తర్వాత వచ్చిన పండితులు అక్కడ దొరికిన కుండ పెంకులను మళ్లీ చూసినారు. ఆ కుండలు 7, 8 శతాబ్దాలవి, ఇంకా తర్వాతివి కూడా. 2008లో కార్టర్ అనే పండితుడు గల్ఫ్‌లో దొరికిన ఇట్లాంటి చర్చిలన్నింటి తేదీలూ కలిపి చూసి, ఇవి చాలావరకు ఇస్లాం వచ్చిన తర్వాతి తొలి శతాబ్దాలవి అని రాసినాడు. తర్వాతి తవ్వకాలు కూడా ఫైలకా విషయంలో అదే చెప్పినాయి.

దీని అర్థం ఏందంటే, ముసల్మానుల సైన్యం 633లో ఇరాన్ సైన్యంతో పోరాడిన కాజిమా ఇదే కువైట్ అఖాతం ఒడ్డున ఉంది. ఆ తర్వాత ఈ ప్రాంతమంతా ఖలీఫాల ఏలుబడి. ఆ ఏలుబడిలోనే, సముద్రం ఇవతల దీవిలో ఈ మఠం నడిచింది, గోడలకు పూత పూసినారు, సిలువ చెక్కినారు. ఒక ఒడ్డున నమాజు, ఒక ఒడ్డున ప్రార్థన. రాయచోటి భాయ్ దీనికేమీ ఆశ్చర్యపోలేదు. "క్రైస్తవులు, యూదులు జిజియా పన్ను కట్టుకుని వాళ్ల మతం వాళ్లు నడుపుకునేవాళ్లని మా హజరత్ చిన్నప్పుడే చెప్పినాడు. మీరే వినరు" అన్నాడు. అందరికీ సమాన గౌరవం ఉండేదని మేము అనడం లేదు. పన్ను కట్టేవాడు పన్ను కట్టేవాడే, ఏలేవాడు ఏలేవాడే. కానీ "అసలు లేనే లేదు" అన్నది మాత్రం అబద్ధం.

ఈ క్రైస్తవులు ఎవరు అంటే, తెల్లోళ్లు కాదు. రోముతో, పోపుతో సంబంధం లేనివాళ్లు. తూర్పు సంఘం అంటారు, వీళ్ల పెద్ద గురువు ఇప్పటి బాగ్దాదు దగ్గర ఉండేవాడు, ప్రార్థన భాష సిరియాక్. 410లో వీళ్లు సభ పెట్టుకుని సంఘాన్ని కుదుట పరుచుకున్నారు. గల్ఫ్ ఒడ్డు మొత్తానికీ వీళ్లకు బిషప్పులు ఉండేవాళ్లు. 676లో పెద్ద గురువు గివర్గీస్ స్వయంగా వచ్చి దారీన్‌లో సభ పెట్టినాడు. దారీన్ అంటే ఇప్పటి సౌదీలో, దమ్మాం పక్కన తారూత్ దీవిలో ఊరు. మనవాళ్లు ఎంతమంది పని చేస్తున్నారో ఆ వైపు! గల్ఫ్ దిక్కున పుట్టిన ఇసాకు అనే సన్యాసిని ఈ గివర్గీసే ఇరాక్‌లోని నీనెవేకు బిషప్పుగా చేసినాడు. ఆయన పుస్తకాలు ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతారు. ఫైలకా ఒక్కటే కాదు, సౌదీలో జుబైల్‌లో, ఇరాన్ ఖార్గ్ దీవిలో, అబుదాబి సర్ బనీ యాస్ దీవిలో కూడా ఇట్లాంటివి బయటపడినాయి. కువైట్‌లోనే అక్కాజ్ అనే చిన్న దీవిలో ఇంకో చర్చి దొరికింది. ఆ దీవి ఇప్పుడు షువైఖ్ దగ్గర నేలలో కలిసిపోయింది, ఆ దారిన పోయే ట్రైలర్ డ్రైవర్లకు కూడా తెలియదు.

ఇంకో మాట. గల్ఫ్ నుంచి మన దేశానికి పడవలు పోతా వస్తా ఉండేవి. కేరళ పాత క్రైస్తవులు ఈ తూర్పు సంఘం వాళ్ల కిందనే ఉండేవాళ్లు. చెన్నైలో ఎయిర్‌పోర్టు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ ఉంది కదా, వీసా ఎక్కించుకోడానికి పోయినప్పుడు మనలో చాలామంది చూసినారు. ఆ గుడిలో ఒక రాతి సిలువ ఉంది, చుట్టూ అక్షరాలు చెక్కి ఉంటాయి. అవి తమిళం కాదు, పాత పారశీక భాష, పహ్లవీ అంటారు. ఆ సిలువ పెట్టింది కూడా ఈ గల్ఫ్ దారిన వచ్చిన సంఘమే. కాబట్టి మన దిక్కుకూ ఈ దిక్కుకూ రాకపోకలు విమానాలతో, వీసాలతో మొదలు కాలేదు.

పడవకు టైము అయితే లేచినాము. సుండుపల్లి అన్న గోడ దిబ్బ దిక్కు చూసి, "కూల్చినట్టు లేదు, కరిగిపోయినట్టు ఉంది" అన్నాడు. మాకూ అట్లాగే అనిపించింది. ఎందుకు వదిలిపెట్టి పోయినారు, ఎక్కడికి పోయినారు అని పిల్లోడు అడిగినాడు. మేము ఈసారి తెలిసినట్టు చెప్పలేదు.

రాత్రి రూముకు వచ్చినాక అన్నాల దగ్గర అందరి ముందర చెప్పినాము, "రెండు నెలల కింద మేము చెప్పింది తప్పు, ఇదిగో ఫోటోలు" అని. ఆ మాట అన్న రూమోడు ఫోన్ తీసుకుని సిలువ ఫోటోను పెద్దది చేసి చూసినాడు. "పూత ఎంత మందం ఉంటదన్నా?" అని అడిగినాడు. వాడు ప్లాస్టరింగ్ పని. కోనసీమ తమ్ముడు, "డబ్బా మాత్రం దొరకలేదు, మళ్లీ పోవాల" అన్నాడు. ఇద్దరూ కలిసి ఎప్పుడు పోవాలో లెక్కలేసుకుంటున్నారు, టికెట్ డబ్బులు మాత్రం మమ్మల్ని అడుగుతున్నారు.

పోవాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పడవ టైములు గాలిని బట్టి మారతాయి, ముందు రోజే కనుక్కోండి. సివిల్ ఐడీ జేబులో పెట్టుకోండి. నీళ్లు, ఖుబ్బూస్ కట్టుకుని పోండి, దీవి మధ్యలో బకాలా లేదు. సైన్యం వాళ్ల చోట్లు, గేట్లు ఫోటో తీయొద్దు. దిబ్బల మీద ఎక్కి సెల్ఫీలు దిగొద్దు, అది పచ్చి ఇటుక, బూటు కాలు పడితే రాలతది. ఒక్క కుండ పెంకు కూడా జేబులో వేసుకోవద్దు, ఇక్కడి చట్టం ఊరుకోదు. ఆ పెంకుల వల్లనే కదా అసలు తేదీ తెలిసింది. డబ్బా ఎవరికన్నా దొరికితే చోటు చెప్పొద్దు, దొరికిందని మాత్రం చెప్పండి. మా పిల్లోడు ఎదురు చూస్తున్నాడు.